ఐస్‌క్రీం డబ్బా

ఎడ్మంటన్‌లో జనవరి.
పదకొండో అంతస్తులో చెల్లి డెల్ఫీన్‌కి నొప్పులు.
మూలన కుర్చీ అంచున అమ్మమ్మ.
కాగితమంటే భయం ఆమెకి:
వెనకటికి ఓ సంతకం కింద
మా పిన్ని వెళ్ళిపోయింది,
పన్నెండు రోజుల పిల్ల.

నర్సు ఉత్త చేతులతో వచ్చింది.
పొగ గంటని ఆపించి
"సేజ్ ఆకు వెలిగించుకోండి" అంది.

తెల్లారగట్ల బిడ్డ.
చెవిలో పడ్డ తొలిమాట అమ్మమ్మది, క్రీ భాషలో:
తవావ్.
రా, చోటుంది.

తర్వాత నర్సే, మెల్లగా,
"మాయని ఏం చేయమంటారు?"
మా ఇంట్లో ఎవరినీ
ఎవరూ ఎన్నడూ అడగలేదది.

ఇప్పుడు ఫ్రీజర్‌లో, బఠాణీల పక్కన,
వెనిల్లా డబ్బాలో ఉంది.
నేల కరిగాక
ఉత్తరానికి బస్సెక్కుతుంది మాతో.

మూత మీద అమ్మమ్మ రాసింది:
తినేది కాదు.