చంకల కాడ ఇంచు వదులు

మెట్ల కింది జాగ కొలిచిన.
మెడల టేపు ఎట్లాగూ ఉంటది.
వెడల్పు ముప్పై ఆరు, పొడుగు నలభై రెండు,
ఎత్తు తలుపు కాడ ఎనభై,
లోపలికి పోంగ పోంగ యాభై.
నల్లగొండల నేను కుట్టిన ఏ జాకిటుకూ
ఇంత ఏటవాలు భుజం రాలే.

చీటి ఎత్తిన పైసలు
మిషను సొరుగుల, గుండీల డబ్బా కింద ఉన్నయి.
"బకెటూ చెంబూ చాలవా?" అన్నడు లింగస్వామి.
బకెటు పెడితే నేను పట్టను.
నేను నిలబడితే బకెటు పట్టదు.
మా ఇద్దర్ల ఒకరమే తానం జెయ్యాలె.

గడియారం కాడి శానిటరీ దుకాణంల
పిలగాడు మొదాలు జల్లెడంత షవరు చూపిండు.
"వాన లెక్క పడతదక్కా."
మా మెట్ల కింద వాన పడితే
తలకు కాదు, గోడకు తానమైతది.
ఇంకోటి, మూలకు నిలబెట్టే అద్దాల అర.
దాని ధరకు మోటరు మిషన్లు రెండొస్తయి.
కడకు, తీగెకు ఏలాడే చేతి షవరు,
దారం చుట్టిన బాబిను లెక్క
అట్టపెట్టెల ముడుచుకొని పడుకున్నది.

రెండు కమోడు డబ్బాలు జరిపించి
నడుమ ముప్పై ఆరు కొలిచి
చెప్పులిడిసి నిలబడ్డ.
కండ్లు మూసుకున్న.
తల రుద్దుకున్నట్టు చేతులెత్తితే
మోచెయ్యి డబ్బాకు తాకింది.
ఓరగ తిరిగిన. వీపు తోముకున్న.
వంగి మడిమెలు రాసుకున్న.
పిలగాడు నవ్వు బిగబట్టిండు.
సేటు కండ్లద్దాలు పైకి జరుపుకుండు.
నల్లా కొననీకి వచ్చిన ముసలామె మాత్రం
సంచి కింద పెట్టి, చివరిదాక చూసి,
"పీట మర్చినవ్ బిడ్డా, దానిగ్గూడ జాగ ఉంచుకో" అన్నది.

తిప్పర్తి దిక్కు మా ఊర్ల
తడక నా నడుము మీదికి ఇంత.
తెల్లారకముందే బండ మీద
ముడుచుకొని కూసొని నాలుగు చెంబులు.
తలెత్తితే బజారుకు కనపడతది.
పెండ్లయినంక కూడ, కిరాయి ఇండ్లల్ల,
రేకు తలుపుకు గొళ్ళెం లేక
ఒక కాలు అడ్డం పెట్టుకొనే పోసుకున్న.
ఊరందరి భుజం, ఛాతి, నడుము రాసిన
నా నోటుబుక్కుల
నిలబడ్డ నా కొలత ఏ పేజీలా లేదు.

చేతి షవరే తీసుకున్న.
కిందికీ మీదికీ జరిగే కడ్డీ మీద,
ఎత్తున్న దిక్కు గోడకు.
జహంగీర్ భాయ్ డ్రిల్లు పట్టుకొని
"ఎంతెత్తుల కొట్టమంటవ్?" అన్నడు.
గోడకు ఆనుకొని, నెత్తి మీద సుద్దముక్క పెట్టి గీసిన.
దానికి ఇంచు పైన ఇంకో గీత.
ఏ గుడ్డకైనా వదులు ఇడుస్తం గద.
"తలుపు తెరిస్తే కడ్డీకి గుద్దుతది" అన్నడు.
బందులు ఇప్పించి తలుపును బయటికి మలిపిన.

మొదటి దినం
నీళ్ళు పడుతుంటే నా కుడిచెయ్యి
చెంబు కోసం దేవులాడింది.
చెంబు లేదు.
రెండు చేతులూ ఖాళీ.
వాటిని ఏం జెయ్యాల్నో తెలువక
భుజాల మీద పెట్టుకొని
కొంచెంసేపు అట్లనే ఉన్న.
"ఇంకా కాలేదా?" బయటి నుంచి లింగస్వామి.
"ట్రయలు చూస్తున్న" అన్న.

నెల తిరగకముందే
షవరు కండ్లు సగం మూసుకుపోయినయి.
మా పండ్లకు గార పట్టించిన బోరు నీళ్ళే,
వాటికి ఇనుమైనా ఎముకైనా ఒకటే.
ఒక ధార చెవులకు, ఒకటి తలుపుకు.
లింగస్వామి ఏమనలే. బకెటు దిక్కు చూసిండు, అంతే.

పదహారో నంబరు సూది తెచ్చి
ఒక్కో చిల్లు పొడిచిన,
కాజా తీసినంత నిమ్మలంగ.
నలభై ఎనిమిది.
తెల్లటి పొడి ఒళ్ళె రాలింది,
సుద్ద లెక్క.

ఇప్పుడు బాత్రూము చౌకట్టుకు
ఒక సూది గుచ్చి ఉంటది,
దారం లేకుండ.