నిద్రగొట్టు

మా సీమలో నీళ్ళకి ఎత్తంటే తెలీదు.
పీట మీద ఒలికిన పాలలాగా
ఎటు వాలాలో ఆలోచించుకుంటూ
కొబ్బరి మొదళ్ళ మధ్య పోతుంటాయి.
ఒక్క మా లాకుల దగ్గర మాత్రం
పాత రాతికట్టు మీంచి
నాలుగున్నర అడుగులు దూకుతాయి.
దాన్నే మేం జలపాతం అంటాం.
చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపిస్తాం.
కొత్త పెళ్ళికొడుకులు ప్యాంట్లు మడుచుకుని
దాని ముందే ఫోటో దిగుతారు.

మొన్న ఆషాఢం ముసురులో జోగులమ్మని తీసుకెళ్ళాను.
మారేడుమిల్లి పైనుంచి బదిలీ మీద వచ్చిన నర్సు.
బడికి వెళ్ళే దారిలోనే మూడు దాటేదట,
ఒకదానికీ పేరు లేదట.
స్కూటర్ దిగి, చెప్పులు చేత పట్టుకుని
తూటికాడ తప్పించుకుంటూ గట్టు దిగి
చూసింది.
"ఇదాండీ?"
"ఇదేనండి."
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
"మా అమ్మమ్మ తలంటితే
ఇంతకన్నా పైనుంచి పోసేదండీ."

నా పరువు నిలబెట్టడానికే అన్నట్టు
లాకు అరుగు మీంచి లేచొచ్చాడు వజ్రం.
ముప్పయ్యేళ్ళు లస్కరు పని చేసి
తాళాలు అప్పగించేశాక కూడా
వాటి ఖాళీ కొక్కెం మొలతాడుకి కట్టుకు తిరిగే మనిషి.
"తీసిపారెయ్యకమ్మా. దీని పేరు నిద్రగొట్టు."

రోడ్లు లేని రోజుల్లో
ధాన్యం పడవలు రాత్రిళ్ళు నడిచేవట.
గట్టు మీద ఇద్దరు తాడు లాగుతుంటే
సరంగు బస్తాల మీద గుర్రుపెట్టేవాడట.
అరమైలు దూరంలో ఈ హోరు చెవిన పడగానే
ఉలిక్కిపడి లేచి
లాకు సుంకానికి పంచె కొస ముడి తడుముకునేవాడట.
మొదట్లో నిద్రచెడగొట్టు అనేవారు,
అంత పేరు పిలిచే ఓపిక ఎవరికుంది.
"మా తాత చెప్పాడు."
"మీ తాత సరంగా?"
"కాదు. సరంగు పడుకున్నప్పుడు
బెల్లం దిమ్మలు దించుకుపోయినోడు."

ఈలోగా జోగులమ్మ మోకాళ్ళ లోతుకి దిగిపోయింది.
దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది.
"ఎర్రనీరు. మా పైన గట్టి వాన పడ్డాదండి."
సీలేట్లోంచి శబరిలోకి, శబరిలోంచి గోదాట్లోకి,
ధవళేశ్వరం తలుపులు దూరి
ఇదిగో ఇక్కడిదాకా, ఆవిడ వేళ్ళ సందుల్లోకి.
"ఇక్కణ్ణించి మళ్ళీ ఎక్కడ దూకుతాయండీ?"
"ఇంకెక్కడా దూకవు.
సముద్రం దాకా నడకే."
దోసిట్లో నీళ్ళు వెంటనే వదల్లేదు.

వజ్రం ఎటో చూస్తూ చెప్పుకుపోతున్నాడు:
"వేసంగిలో కాలవ కట్టేస్తారు కదా,
ఆ మొదటి రాత్రి ఊళ్ళో కన్ను మూసినోడుండడు.
చంటిపిల్లలు లేచి ఒకటే ఏడుపు.
మా ఆవిడ కుళాయి కింద బిందె పెట్టి
సన్నంగా వదిలేసేది,
నాకు కునుకు పడతాదని."

తిరిగొస్తుంటే స్కూటర్ వెనక
చాలాసేపు మాట లేదు.
చేపల చెరువులు దాటాక అంది:
"వచ్చిన కాణ్ణించీ నాకు నిద్దర్లేదండి.
దోమలనుకున్నాను."
ఇంకాస్త దూరం పోయాక,
"ఆ లాకుల కాడ
గదేదైనా అద్దెకి దొరుకుద్దేమో కనుక్కుంటారా?"