పిడికెడు రేగడి

గొయ్యి తవ్వేది నేనే.
మనిషి లోతు, మంచమంత వెడల్పు,
ఒక గోడ మాత్రం ఎండకి ఎదురుగా.
ఇరవై రెండేళ్ళుగా ఈ యూనివర్సిటీలో
నా ఉద్యోగం ల్యాబ్ అసిస్టెంటు,
నా పనిముట్టు పార.

డెబ్రె బెర్హాన్ చలి. బార్లీ కోసేసిన మడి.
పిల్లలు ముగ్గురు ముగ్గురుగా దిగుతున్నారు
కొత్త బూట్లు పాడవకుండా చూసుకుంటూ.
డాక్టర్ అసెలెఫెచ్ కత్తి మొనతో గోడ మీద గీస్తోంది:
"ఇది దున్నిన పొర. ఇదిగో, వేరు ఆగిపోయిన చోటు.
ఇక్కడ నున్నగా మెరుస్తున్నాయే పలకలు,
తడిసి ఉబ్బి, ఎండి ముడుచుకుని
నేల తనకు తాను రాసుకున్న గుర్తులు."

తర్వాత పాఠం, మట్టి పిసకడం.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
రిబ్బను ఎంత సాగితే అంత బంక.
ఇన్నేళ్ళూ ఆ వేళ్ళు ముందు చెప్పేవి,
మిషను తర్వాత ఒప్పుకునేది.
ఒకసారి ఒప్పుకోలేదు.
మిషన్ని రిపేరుకి పంపాం.

ఈ ఏడు ఆస్పత్రి మందులు
రోగంతో పాటు వేలికొసలనీ పట్టుకుపోయాయి.
నాకు తెలుసు.
పచ్చిక మీద పసుపు పూలు పూసిన కొత్త సంవత్సరం నాడు
పొగలు కక్కే కాఫీ సినీని అలాగే పట్టుకుని
ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయింది.
నేనే తీసి పక్కన పెట్టాను.
ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఇద్దరమూ.

పిల్లలకి తెలియదు.
ముద్ద నలిపింది. ఆగింది.
చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ నలిపింది,
ఇసుకుంటే గరగరమంటుంది కదా.
గాలి. దూరంగా లారీ హారను.
చివరికి గోరంత తీసి
పంటి కింద వేసుకుంది.
పిల్లలు నవ్వారు, అదీ పాఠమే అనుకుని.
అదీ పాఠమే.

"యెషిమెబెత్, నువ్వు రా."
మెంజ్ నుంచి వచ్చిన పిల్ల. వెనక వరుస.
పరీక్షలో కణాల సైజులన్నీ తారుమారు చేసింది.
ముద్ద అరచేతిలో పడగానే తల ఎత్తకుండా చెప్పింది:
"వాన వెలిసిన రోజు ఇది ఎద్దు కాలు వదలదు మేడమ్.
మూడో రోజు దున్నాలి.
అయిదో రోజుకి నాగలి విరుగుతుంది."
"బంక ఎంత శాతం?"
"శాతం తెలీదు."
"అది గెబెయావ్ సోమవారం చెప్తాడు," అంది నన్ను చూపించి.
నోట్సులో మొదటి మాటలు మాత్రం
ఆ పిల్లవే రాయించింది అందరిచేతా.

కుళాయి కింద చేతులు కడుక్కుని
నా వైపు చాపింది, పోయిందా అని.
పోయిందన్నాను.
గోళ్ళ కింద ఉంది. నాకూ ఉంటుంది.

సోమవారం అరవై రెండు వచ్చింది.

అంతకు ముందే, ఆ సాయంత్రమే గొయ్యి పూడ్చాను.
కింది మట్టి కిందికి, పై మట్టి పైకి,
తిరగబడితే ఈ మడి రైతు
మూడేళ్ళు నన్ను తిడతాడు.
ఎంత తొక్కినా నాలుగు పారల మట్టి మిగిలింది.
ఎప్పుడూ మిగులుతుంది.
ఎందుకని ఆమెని ఒకసారి అడిగాను,
చెప్పింది కూడా. మర్చిపోయాను.