తరుగు పోను

ఒంగోలు, కర్నూలు రోడ్డు, రసూల్ కొట్టు.
చచ్చిపోయిన ల్యాప్‌టాప్ నా ఒళ్లో,
తువ్వాల్లో చుట్టి.
కొండపి పోటీల్లో టెంటు కూలి వాన మీద పడింది.
కీబోర్డు సందుల్లో ఆ బరి మట్టి
ఇంకా ఎండలేదు.

"ఎంత స్టోరేజీ కావాలక్కా?
రెండొందల యాభయ్యారు, ఐదొందల పన్నెండు, ఒక టీబీ."
రెండు పళ్లది, నాలుగు పళ్లది, ఆరు పళ్లది
అని వినపడింది నాకు.
పదేళ్లుగా బండలాగుడు పందేలే మా తిండి.
మాలకొండయ్య తీస్తాడు,
నేను కోస్తాను, అతికిస్తాను.
ఏ జత ఎక్కడ తూలిందో, ఎన్ని అడుగులు లాగిందో
మైకు పట్టినోడికంటే నాకే బాగా తెలుసు.

బ్యాకప్ డిస్కు గుచ్చి చూశాడు.
ఆరొందల నలభై.
"ఐదొందల పన్నెండుది తీసుకో," ఫోనులో మా ఆయన,
"ఆ కాస్త తుడిచేస్తే పోలా!"

ఐదొందల పన్నెండని అట్టపెట్టె మీద రాసుంటది,
తెరిస్తే నాలుగొందల డెబ్బయ్యారు.
పొగాకు బేళ్లు మోసిన ఇంటిదాన్ని,
తరుగంటే ఏందో నాకొకరు చెప్పాలా?
అందులో మళ్లీ విండోసు తన పాలు తీసుకున్నాకే
మన వంతు.

"పాతవి డిస్కులోనే ఉండనీ అక్కా,
కావాల్సినవే దించుకో."
రసూల్ చెప్పింది తప్పు కాదు.
కానీ రెండు చోట్ల ఉంటేనే గదా బ్యాకప్పు.
ఒక్కచోటే మిగిల్తే
అది పీకుడుపడ్డ తాడుకి వేలాడే చేద.

సరే, తుడిచేవి చూద్దామని స్టూలు లాక్కున్నా.
చీమకుర్తి: కమిటీవాళ్లు ఇంకా బాకీ, ఉంచాలి.
పొదిలి: సగం దుమ్మే,
ఆ దుమ్ములోనే మా ఆయన మంచి షాటు ఒకటుంది.
'పనికిరానివి' అని నేనే పేరు పెట్టిన ఫోల్డరు,
ముప్పై ఎనిమిది జీబీ.

దాంట్లో పేరంనాయుడి గిత్త.
పదకొండో నిమిషం. ముంగాలు మడిచింది.
అరుపులు, ఈలలు, లేచిన చర్నాకోల.
లేవలేదు.
తల తిప్పి జనంలోకి చూసింది.
ఓడిన జతని ఎవరు కొంటారు? పక్కన పడేశాను.

పోయినేడు దాన్ని అమ్మేశాక
పేరంనాయుడు మోపెడ్ మీద మా ఇంటికొచ్చాడు.
గెలిచినవి మూడు వేశాను. ఊఁ అన్నాడు, అంతే.
"ఆగిపోయింది చూపించమ్మా."
మూడుసార్లు వేయించుకున్నాడు.
"అదిగో, అప్పుడు నన్నే ఎతుక్కుంది"
అని కాఫీ ముట్టకుండా లేచిపోయాడు.

ఇప్పుడు ఏది పనికిరాదో చెప్పమంటే
నేనెవరికి చెప్పను?

మా నాయన బ్యారన్లో ఆకు కర్రలు పేర్చేటప్పుడు
కర్రకీ కర్రకీ నడుమ బెత్తెడు వదిలేవాడు.
జాస్తి కుక్కితే ఆకు పండదు, మగ్గిపోద్ది అనేవాడు.
నిండా నింపితే మిషను ఈడ్చుకుంటది అని రసూలూ అన్నాడు.
ఉన్న ఆరొందల నలభై ఒక్కటే కాదు గదా లెక్క,
రాబోయే సీజన్లున్నాయి,
ఆపైన గాలాడే ఆ బెత్తెడు.

టీబీదే తీసుకున్నాను.
ట్రైపాడ్‌కని దాచిన ఏడు వేలు దాంట్లో కలిశాయి.
ఇంకో ఏడాది పాతదాని కాలికి గుడ్డ కట్టుకుని తీస్తాడు.
తిడతాడు. తిట్టనీ.

ఇప్పుడు రాత్రి పదకొండు.
డిస్కు లైటు మినుకు మినుకు.
తెర మీద పచ్చ గీత బండలాగే జరుగుతోంది,
అడుగు, ఆగి, ఇంకో అడుగు.
నాలుగు గంటలంటది, మళ్లీ ఆరంటది.
టీబీకీ తరుగుంది, తొమ్మిదొందల ముప్పయ్యొకటి.
పోనీ, అందరూ పడతారు.

శుక్రవారం జరుగుమల్లిలో పోటీ.
పేరంనాయుడు రెండు పళ్ల కోడెని దించుతున్నాడంట,
దానికింకా పేరు పెట్టలేదంట.
కొత్త ఫోల్డరు తెరిచాను.
నేనూ పెట్టలేదు.