వంద దాకా

మా ఊళ్లో నీళ్లు పంచడానికి గడియారం ఉండేది కాదు.
పగలు, గచ్చు మీద పాతిన కర్ర నీడ పంచేది.
రాత్రి, కొండ అంచు దాటే చుక్కలు పంచేవి.
హజర్ కొండల కడుపులోంచి ఒకటే కాలువ,
నలభై రెండు కుటుంబాలు.
గీత నుంచి గీతకు నీడ జరిగేంత సేపు ఒకరి వంతు.
గీత దాటాక తాగితే
ఖర్జూరం చెట్టయినా దొంగే.

నాకప్పుడు తొమ్మిదేళ్లు.
నీళ్ల లెక్క చూసే ఖల్ఫాన్‌కి చూపు మందగించి
నా కళ్లు అరువు తీసుకున్నాడు.
"సురయ్యా గుత్తి కొండ వెనక్కి దిగగానే కేకెయ్యి"
అని మసీదు మిద్దె మీద కూర్చోబెట్టాడు.
కేకేస్తే కింద మడవ తిరుగుతుంది,
జువైనా నిమ్మపాదులోంచి
మసీదు మాన్యంలోకి.

మొగుడి వైద్యానికి జువైనా తన వంతులో సగం అమ్ముకుంది.
వైద్యం అయింది. మొగుడూ అయిపోయాడు.
మిగిలిన సగం ఆ చెట్టుకి
మోకాళ్ల దాకానే అందేది.
జాలిపడ్డానని చెప్పలేను.
ఎండిన ఆకుల గలగల మిద్దె మీదికి వినిపించేది,
అంతే.

చుక్కలు దిగాయి.
నోరు తెరిచాను. మూసుకున్నాను.
ఒకటి, రెండు, మూడు...
వందకి కేకేశాను.

పొద్దున్నే పరుగెత్తి ఆమెకు చెప్పాను,
బహుమతి తెచ్చినవాడిలా.
పిండి చేతులతోనే లేచి నిలబడింది.
"నిన్నెవరు అడిగార్రా?
నిన్నటిదాకా పేదదాన్ని.
ఇవాళ దొంగని కూడా చేశావు."
చేతులైనా కడుక్కోకుండా
తనే వెళ్లి ఖల్ఫాన్‌కి చెప్పేసింది.

అసర్ నమాజు అయ్యాక కూర్చున్నారు. కాఫీ తిరిగింది.
దేవుడి నీళ్లు, అన్నాడొకడు.
దేవుడికి దాహమేస్తుందా, అన్నాడింకొకడు.
వేరులోకి దిగింది తోడగలమా, అన్నాడు సుఊద్.
"ఇవాళ జాలి అంటాం, రేపు బంధుత్వం అంటాం, ఎల్లుండి లంచం.
చుక్కలకి చుట్టాల్లేరు కనకే కదా
వాటికి అప్పగించాం" అన్నాడు మా నాన్న.
మా నాన్నే.

అంతసేపూ మాట్లాడని ముసలి ముహన్నా
నా వైపు తిరిగాడు.
"వందకే ఎందుకు ఆగావు?"

కాఫీ గిన్నెలు గాల్లో ఆగాయి.

"నాకు... వంద దాకానే వచ్చు."

నవ్వులు. గడ్డాలు ఊగిపోయేలా నవ్వులు.
పసివాడు, లెక్క రానివాడు, పోనివ్వండి.
మా వంతులోంచి వంద అంకెల నీళ్లు మసీదుకి కోసి
చేతులు దులుపుకుని లేచారు.

నాకు వెయ్యి దాకా వచ్చు.
ఖర్జూరాలు కుప్పపోసి నేర్పింది ఖల్ఫానే.
ఆయనొక్కడే నవ్వలేదు.
నా వంక చూడనూ లేదు.
తలగుడ్డ విప్పి, దులిపి,
మళ్లీ నెమ్మదిగా చుట్టుకున్నాడు.

నిమ్మ బతికింది.
ఏటా తొలికాపు మసీదు మెట్టు మీద పోసి వెళ్లేది జువైనా.
ఎన్ని కాయలో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.
మా ఇంటికి మటుకు ఒక్కటీ పంపలేదు.

ఇప్పుడు ఆ పని నాది.
ఫోన్ చూసి తిప్పుతాం మడవలు, సెకన్లతో సహా.
తగాదాలు తగ్గాయి, అబద్ధమెందుకు.
అయినా మబ్బు పట్టిన రోజున
ఆ పాత కర్ర దగ్గరికి వెళ్లి నిలబడతాను.
గీతలుంటాయి. నీడ ఉండదు.

ఇలాంటి రోజుల్లో మా పెద్దలు
కర్ర చుట్టూ చేరి ఒకరి మొహాలొకరు చూసుకునేవారు.
నీళ్లు ఎవరి పొలంలో పారుతున్నాయో
వాడే ముందు "అయింది" అనాలి.
అది రివాజు.

కొందరు తొందరగా అనేసేవారు.
కొందరు దగ్గి, గొంతు సవరించుకుని,
పాదు వంక ఒకసారి చూసి,
అప్పుడు.