ఖాళీ గడి

ఎంఫాంగానో దీవిలో మా ఆఫీసంటే
వలల గోదాము వెనక రేకుల గది,
ఒక సోలార్ పలక, అద్దం పగిలిన ఒక ఫోను,
ముగ్గురు మనుషులం, ఒకటిన్నర జీతం.
ఆ అర నాది.

చీకటి పడకముందే రేవులో నిలబడి
పడవల పేర్లు ఎక్కించుకుంటాం.
ఎవరిది, ఎందరు, ఎన్ని లాంతర్లు,
నడుముకి ఖాళీ డబ్బాలైనా కట్టుకున్నారా, ఉత్తినే పోతున్నారా.
లాంతరు వెలుగుకి ఒమెనా చేపలు పైకి తేలతాయి.
ఒడ్డునుంచి చూస్తే
సరస్సు మీద ఇంకో ఊరు వెలిసినట్టుంటుంది.
రాత్రంతా ఆ ఊరు ఒక పట్టికై నా ఒళ్లో ఉంటుంది.
తెల్లారి ఒక్కో పడవా ఇసుక తాకుతుంటే
చివరి గడిలో టిక్కు పెడతాను.

మార్చి పంతొమ్మిది. పదకొండో వరస.
పడవ పేరు 'తొందరేముంది'.
వెళ్లింది నలుగురు.
తిరగబడ్డ పడవ వీపు పట్టుకుని వచ్చింది ముగ్గురు.
నాలుగోవాడు ఒగుటు.

అతని భార్య అపొండి
మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఏడుస్తుంటే
ఫోటో తీసింది నేనే.
వెలుగు బాగుందనిపించింది. అదీ చెప్పాలి.

నైరోబీలో మా పేజీ చూసుకునే మేడమ్ అంది:
"ఇదీ మనకి కావలసింది!
వలలు అల్లే ఫోటోకి పదకొండు లైకులు, దీనికి చూడు."
చూశాను. పొయ్యి మీద ఉగాలి ఉడికేలోగా
ఎనిమిది వేల ఎర్ర గుండెలు,
దండం పెట్టే పసుప్పచ్చ చేతులు,
నాకు నోరు తిరగని ఊళ్ల పేర్లు.
వారంలో నలభై లైఫ్ జాకెట్ల డబ్బు పడింది.
నారింజ రంగువి. గోడకి వేలాడదీస్తే
గది నిండా తలల్లేని మనుషులు.

నెల తిరక్కుండా అపొండి వచ్చింది.
మేనల్లుడెవరో బస్సులో చూపించాడట.
కూర్చోమన్నా కూర్చోలేదు.
"ఎంతమంది చూశారు నన్ను?"
అంకె చెప్పాను.
"అంతమందిలో నా పేరు తెలిసింది ఎందరికి?"
పేరు మేం రాయలేదు. అది మర్యాద అనుకున్నాం.
'మునిగిపోయిన జాలరి భార్య' అని రాశాం.
అదీ చదివి వినిపించాడట మేనల్లుడు.

తీసేశాను.
తీసేముందు ఫోను అడిగింది, నిజంగా తొలగించాలా అని.
దానికున్నపాటి జంకు ఆ రోజు రేవులో నాకు లేకపోయింది.
అప్పటికే ఆ ఫోటో ఎవరెవరి గోడలో ఎక్కేసింది.
ఇసుకలో చల్లిన ఒమెనానైనా ఏరుకోవచ్చు.

జాకెట్లు వెనక్కి పంపేద్దామా అన్నాను.
పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.
ఒకటి దింపి, బెల్టు గుంజి, కుట్టు గోటితో గీకి
తమ్ముడి కోసం చంకన పెట్టుకుంది.
"నా ఏడుపుతో కొన్నవి కదా. తడవనీ."

ఇప్పుడు సాయంత్రం ఐదింటికి
మూడొందల ఫోన్లలో మా వాయిస్ మెసేజ్ పలుకుతుంది.
చదువు రానివాళ్లకి గాలి కబురు.
మొదట్లో నేనే చెప్పేవాణ్ణి,
ఆగ్నేయం నుంచి గంటకి ఇన్ని కిలోమీటర్లని.
సగం దాకా కూడా ఎవరూ వినేవారు కాదు.
ఇప్పుడు అపొండి చెబుతుంది.
నా అంకెలు ఓసారి చూసి, పక్కన పడేసి,
"రుసింగా వైపు పోకండి ఇవాళ. నల్లగా ఉంది.
ఒమోలో, నీ పడవ అడుగున చీలిక నాకు తెలుసు.
ఇంట్లో పడుకో."
పధ్నాలుగు సెకన్లు. ముఖం ఉండదు.
మగాళ్లు ఫోను చెవికి ఆనించి వింటారు,
తిట్టుకుంటారు,
పడవని మళ్లీ ఇసుక మీదకి లాగుతారు.

దీనికి గుండెలు రావు.
ఆగిపోయిన పడవల్ని నివేదికలో ఎక్కడ చూపించాలో
మేడమ్‌కీ తెలియడం లేదు.

పదకొండో వరస చివర టిక్కు పెట్టలేదు,
అడ్డగీతా పెట్టలేదు.
పూర్తి చేయండి అని ఆడిట్ వాళ్లు రెండుసార్లు అడిగారు.
కొన్ని రాత్రులు పట్టిక తెరిస్తే
ఆ గడిలో ఇంకెవరిదో కర్సరు మినుకుమంటూ ఉంటుంది.
పేరుండదు.
ఆడిటర్ కావచ్చు, మేడమ్ కావచ్చు.
అపొండికి ఈమధ్యే ఒక పాత ఫోను ఇచ్చాం,
పాస్‌వర్డ్ కూడా.
నేనేం టైపు చెయ్యను.
అది వెళ్లేదాకా
పట్టిక మూయను.