ఏడ పట్టుకుంటది

ఎనుమాముల మార్కెట్ల
తేజ మిర్చి బస్తాల నడుమ
మార్చి నెల, పొద్దుగాల పదకొండింటికి
ఓదేలు ఛాతీ మీద బండ పడ్డది.
ఘాటేమో అనుకున్నడు.
రాత్రి తిన్న సర్వపిండేమో అనుకున్నడు.

ములుగు రోడ్డు మీది చిన్న దవాఖానల
వేలంత పట్టీ, మూడు చుక్కల నెత్తురు,
పదిహేను నిమిషాలు.
గీత ఒకటే వచ్చింది.
రెండోది రాలే.
"గ్యాసే. సోడా తాగు" అన్నరు.
తాగి, ఇంకో నలభై బస్తాలు మోసిండు.

ఆ రాని గీత కాడికే
నేను రోజూ పనికి పోతున్న.

హన్మకొండల రెండో అంతస్తు,
కరెంటు పోతే అందరం ఫ్రీజర్ దిక్కు ఉరికే గది.
గుండె కండ చిట్లితే నెత్తుట్లకు జారే ప్రోటీన్,
ట్రోపోనిన్,
రెండువందల పది పూసల దండ.
దాన్ని పట్టే యాంటీబాడీ దండనంతా పట్టదు.
నాలుగైదు పూసలను పడుతది,
తతిమ్మావాటి మొఖం కూడ చూడదు.
ఏ పూసలో పట్టీ డబ్బా మీద లేదు.
అమ్మినోళ్లకు ఉత్తరం రాస్తే
వ్యాపార రహస్యం అన్నరు.

అందుకే దండను తెంపిన.
పదిహేను పూసలకో ముక్క,
ఒక్కో ముక్క ముందుదానికంటే ఐదు పూసలు జరిగి,
మొత్తం నలభై.
తెల్ల పొర మీద నలభై చుక్కలు పెట్టి
యాంటీబాడీ పోసి, కడిగి, మళ్ల కడిగి
చూస్తే పొరంతా మసి.
"పాలపొడి తక్కువేసినవ్" అన్నడు యాకూబ్.
ఇంకోసారి తప్పు సీసా.
ఇంకోసారి ఏమైందో ఇప్పటికీ తెల్వదు.
ఐదోసారి, రాత్రి తొమ్మిది దాటినంక
ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.
మూడే చుక్కలు, కాటుక దిద్దినట్టు.

దండ కొస.
తోక.

నెత్తుట్ల కత్తెరలుంటయి.
గంటలు గడిచినకొద్దీ
ముందు కొసలనే కొరుకుతయి.
ఆ పొద్దు ఓదేలు నెత్తుట్ల
ట్రోపోనిన్ ఉండే ఉంటది,
తోక తెగి, నడుము మిగిలి
పట్టీ మీదికెల్లి నడిచిపోయి ఉంటది.
తోక కోసం చాపిన చెయ్యి
దాన్ని పోనిచ్చి ఉంటది.
ఉంటది, ఉంటది అనే రాస్తున్న.
ఆనాటి నెత్తురు ఎవ్వరూ దాచలే.

ఓదేలు బతికిండు. సగం గుండె కదలదు.
ఇప్పుడు యార్డు గేటు కాడ చీటీలు చూస్తడు.
ఆదివారం పోయి తోక సంగతి చెప్పిన.
కోపమొస్తదనుకున్న.
పక్కనున్న బస్తా చూపిచ్చిండు:

"మూతి కాడ ఎవ్వడైనా మంచి కాయే పేరుస్తడు బిడ్డా.
అడుగు కాయ తడిసి తాలైతది.
మచ్చు దీస్తే కడుపులకెల్లి తియ్యాలె.
పెట్టు చెయ్యి. మోచెయ్యి దాక.
మండుతది. మండనీ."

సోమవారం గ్లవ్స్ వేసుకుంటుంటే
వేళ్లు ఇంకా మండుతనే ఉన్నయి.
కొత్త సీసాలు ఆరు.
మొదటిదానికి ఒక్క చుక్కా లేవలే.
మడతను పట్టే రకమేమో,
తెంపిన ముక్కల్ల మడత ఏడుంటది.
రెండోదానికి
తొమ్మిది, పది కాడ
అవునా కాదా అన్నంత బూడిద రంగు.
నడుము దిక్కే.
పొరను ట్యూబులైటుకు పట్టి యాకూబ్‌ను పిలిచిన.
అద్దాలు నొసటి మీదికి తోసి
చాన సేపు చూసిండు.
"రేపు మళ్ల జెయ్" అన్నడు.